యాభైకి పదిహేడేళ్లు తక్కువ

"మీరు కాలేజీల చరిత్ర చెప్తరంట గద మేడమ్. మేం ఈడ కూసున్నట్టు ఏ పుస్తకంలనన్న రాసి ఉన్నదా?"

2025 మార్చి ఆఖరి వారం. రంజాన్ పండక్కి ఇంకా నాలుగు రాత్రులుంది. లాడ్‌బజార్ మొదట్లో ఒక చెక్కబల్ల మీద లక్కగాజులు పేర్చుకుని కూర్చున్న ఆవిడ రాత్రి పన్నెండున్నరకి నన్నడిగిన ప్రశ్న ఇది. పేరు రాయొద్దంది, రాయను. ఆపా అంటాను. గిరాకీలతో "క్యా హోనా అమ్మా" అని దక్కనీలో మాట్లాడే ఆపా, ముఖ్యమైన సంగతి వచ్చేసరికి నాతో తెలుగులోకి దిగుతుంది. అర్థం కాలేదని నేను తప్పించుకోవడానికి వీల్లేకుండా.

ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. చార్మినార్ చుట్టూ కూర్చునేవాళ్లను ఇంకెక్కడికో పంపిస్తారన్న మాట మళ్లీ వినిపిస్తోంది. ఇదేం కొత్త కాదు. పాదచారుల ప్రాజెక్టు పేరుతో రెండు దశాబ్దాలకు పైగా ఈ మాట వస్తూ పోతూ ఉంది. బళ్లు తీయించడం, నాలుగు రోజులయ్యాక అవే బళ్లు తిరిగి రావడం కూడా మామూలే. అయితే ఈసారి ఎవరో కుర్రాడు ఆపాకి ఒక చట్టం సంగతి చెప్పాడు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం. దాని షెడ్యూలులో ఒక మంచి మాట ఉంది: యాభై ఏళ్లకు పైగా వీధి వ్యాపారం సాగుతున్న చోటుని వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలి, అక్కడివాళ్లను తరలించకూడదు. "మా అత్త కూసున్నది, నేను కూసున్న. యాభై దాటలేదా?" అంటుంది ఆపా. దాటే ఉంటుంది. కానీ ఆమె దగ్గరున్న కాగితం ఒక్కటే, ఎప్పుడో సర్వేకి వచ్చినవాళ్లు ఇచ్చిన కార్డు. అది భర్త పేరు మీద ఉంది. భర్త ఇల్లొదిలి పోయి పదకొండేళ్లు. కార్డు మాత్రం ఆయన్ని ఇంకా ఇక్కడే కూర్చోబెట్టి గాజులమ్మిస్తోంది!

అదే చట్టం, పట్టణ వెండింగ్ కమిటీలో వీధి వ్యాపారుల ప్రతినిధులు నలభై శాతానికి తగ్గకూడదనీ, ఆ ప్రతినిధుల్లో మూడోవంతు ఆడవాళ్లుండాలనీ అంటుంది. ఆపాకి అది చెప్పాను. నవ్వి, ఒక గాజు తీసి నా చేతి సైజు చూసింది.

అహ్మదాబాద్ మాణెక్‌చౌక్‌లో కూరలమ్మే ఆడవాళ్లు 1982లో 'సేవా' సంస్థ తోడుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లి తమ చోటు కోసం కొట్లాడారని మనందరం చదువుకున్నాం. వాళ్లకి సంఘం ఉంది. ఆపాకి నేను దొరికాను. సరే, వెతుకుతానన్నాను.

ఈ నగరంలో రాత్రిపూట వీధిలో ఉన్న ఆడది ఏ పుస్తకంలో కనిపిస్తుంది? నాకు తెలిసినంతలో మొదట కనిపించేది ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే రాతల్లో, పదిహేడో శతాబ్దంలో. ఊళ్లోనూ కోటలోనూ కలిపి ఇరవై వేలకు పైగా వేశ్యల పేర్లు దరోగా పుస్తకంలో నమోదై ఉన్నాయంటాడు. సాయంత్రం చల్లబడ్డాక వాళ్లు తమ గుడిసెల ముందు నిలబడేవారట. చీకటి పడగానే గుమ్మంలో ఒక దీపం పెట్టేవారట. కల్లు దుకాణాలు తెరిచేది కూడా అప్పుడే. వాళ్ల మీద పన్ను లేదు కానీ, కల్లు మీద వచ్చే రాబడి రాజుదే. ఆ లెక్క కట్టడానికి తావెర్నియే బాగానే తీరిక చేసుకున్నాడు. మచిలీపట్నం వెళ్లిన రాజు కోసం తొమ్మిదిమంది ఆడవాళ్లు తమ శరీరాలతో ఏనుగు ఆకారం కట్టారనీ, నలుగురు కాళ్లు, నలుగురు మొండెం, ఒకామె తొండం అయ్యారనీ, రాజు ఆ ఏనుగు మీద కూర్చుని ఊళ్లోకి వచ్చాడనీ కూడా రాశాడు. చదివినవాళ్లు ముచ్చటపడే ఘట్టం ఇది. నాకెప్పుడూ కిందున్న నలుగురూ గుర్తొస్తారు, కాళ్లయిన నలుగురు.

ఈ విదేశీ వర్తకుడి అంకెను ఉన్నదున్నట్టు నమ్మనక్కర్లేదు. కానీ ఒక సంగతి గమనించాలి. రాత్రిపూట నగరంలో ఉన్న ఆడవాళ్లు చరిత్రకెక్కింది దరోగా పుస్తకం ద్వారా. గాజులమ్మే ఆమె, పూలమ్మే ఆమె, కల్లు పోసే ఆమె అందులో లేరు. వాళ్ల గుమ్మాల్లోనూ దీపాలు ఉండే ఉంటాయి. దీపం వెలుగుతున్న గుమ్మానికల్లా ఒకే అర్థం చెప్పేవాళ్లే రాయడానికి మిగిలారు.

మధ్యలో రెండొందల ఏళ్లకు పైగా దాటేస్తున్నాను, క్షమించాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు పదిహేను వేలమంది పోయారంటారు. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇవాళ మనం రీడెవలప్‌మెంట్ అంటున్నదానికి ఈ ఊళ్లో అదే తొలి రూపం. ఇరుకు బస్తీలు కొట్టేసి, రోడ్లు వెడల్పు చేసి, ఇళ్లు కట్టారు. పత్తర్‌గట్టి రాతి కమాన్ల వరస ఆ బోర్డు కట్టిందే. కింద దుకాణాలు, పైన నివాసాలు. అందమైన కట్టడం, కాదనను. రంజాన్ రాత్రుల్లో ఆ కమాన్ల కింద నిలబడి చీరలు బేరమాడినవాళ్లం మనం. దుకాణాలకి కమాన్లు కట్టారు కానీ, ఆ కమాన్ల ముందు నేలమీద కూర్చునే ఆడవాళ్లకి ప్లానులో గీత లేదు. వాళ్లు గీతలు ఆరిపోయాక వచ్చి కూర్చున్నారు. వందేళ్లయినా వాళ్లది ఆక్రమణే, కమాన్లది వారసత్వం.

1978 గురించి రాయకుండా హైదరాబాద్ రాత్రి గురించి రాయలేను. రమీజాబీ భర్తతో కలిసి రాత్రి సినిమా చూసి ఇంటికి వెళ్తోంది. వేళగాని వేళ రోడ్డుమీద తిరుగుతున్నారని పోలీసులు పట్టుకున్నారు. నల్లకుంట పోలీస్ స్టేషన్లో ఆమెపై అత్యాచారం జరిగింది. అడ్డుపడ్డ భర్త అహ్మద్ హుసేన్ దెబ్బలకి చనిపోయాడు. ఊరు భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. విచారణ పొడుగునా పోలీసుల వాదన మాత్రం ఒకటే, ఆమె వేశ్య అని. కేసు కర్ణాటకలోని రాయచూర్‌కి బదిలీ అయింది. 1981లో నిందితులు విడుదలయ్యారు. దరోగా పుస్తకం ఎక్కడికీ పోలేదన్నమాట. రాత్రి రోడ్డుమీద కనిపించిన ఆడదాని పేరు అందులో ఎక్కించడానికి ఎప్పుడూ ఒక ఖాళీ గీత ఉంటుంది. 1996లో పాతబస్తీలోని మెహబూబ్‌కి మెహందీని ఖాళీ చేయించారు. తరాలుగా అక్కడున్న ఆడవాళ్లు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. అది శుభ్రం చేయడంగానే చాలామందికి గుర్తుంది.

ఇదంతా ఆపాకి చెప్పలేదు. ఆమె అడిగింది గాజులమ్మే వాళ్ల గురించి. నేను వెతికినచోటల్లా దొరికింది ఆమె తన పక్కన నిలబెట్టుకోవడానికి జంకే పేర్లు. ఈ జంకుని ఏం చేయాలో నాకు తెలియదు. "మేం ఇజ్జత్ గల్లోళ్లం" అని ఆపా మాటిమాటికీ అంటుంది. ఆ మాటతో ఎవరిని పక్కకి నెడుతోందో నాకు తెలుసు, ఆ మాట లేకపోతే రాత్రి రెండింటికి ఒంటరిగా ఇల్లు చేరలేదనీ తెలుసు.

ఇక ఆ రాత్రుల సంగతి. తరావీహ్ నమాజు అయ్యాక మొదలై సహరీ దాకా సాగే బజారు ఇది. మదీనా నుంచి చార్మినార్ దాకా బళ్లు ఆపేస్తారు. సుర్మా, అత్తరు, సేమ్యా, ఖర్జూరం, చెప్పులు, దుప్పట్లు, పింగాణీ, బురఖాల మీద కుట్టే పూసలు. బల్లలెక్కి నిలబడి, చీర అంచు గాలిలో తిప్పుతూ ధర అరిచే కుర్రాళ్లు. హలీం బట్టీల ఆవిరి. నాకు వీటన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఆడవాళ్ల సంఖ్య. అర్ధరాత్రి దాటాక, భుజాన నిద్రపోతున్న పిల్లతో, చేతిలో నాలుగు కవర్లతో, నలుగురైదుగురు కలిసి, ఒక్కోసారి ఒంటరిగా కూడా. బురఖాల వాళ్లు, బొట్టు పెట్టుకున్న నాలాంటివాళ్లు, ఉద్యోగం దిగి నేరుగా వచ్చిన అమ్మాయిలు. ఆరు దాటితే ఎక్కడున్నావని ఫోన్లు చేసే ఇళ్లు ఇవే. ఈ నెల్లాళ్లు మాత్రం అడగవు.

2011లో వచ్చిన 'వై లాయిటర్?' పుస్తకంలో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే అన్నది మీకు గుర్తుండే ఉంటుంది. ఆడవాళ్లు వీధిలో ఉండాలంటే ఏదో ఒక పని చూపించాలి. కొనుగోలు అలాంటి పని. నిజమే. కానీ ఇక్కడ ఆ పనిని ఎంత సాగదీస్తారో చూడాలి. జత గాజులకి గంటన్నర బేరం. కొనకుండా లేచి, ఇంకో బల్ల దగ్గర మళ్లీ మొదలు. నిమ్రా ముందు చాయ్ గ్లాసుతో చార్మినార్ లైట్లు చూస్తూ నిలబడ్డ ఇద్దరు ముసలమ్మలు ఏం కొంటున్నట్టు? వాళ్లకి రక్షణ పోలీసు జీపు కాదు. ఆపా లాంటి వాళ్లు వరసగా కూర్చుని ఉండటమే. చెయ్యి తగిలించి పోయిన ఒక పోకిరిని ఆపా పేరు పెట్టి పిలిచి, వాడి తల్లి దగ్గరికి వస్తానని చెప్పడం నేను చూశాను. ఏ కెమెరాకి వాడి తల్లి పేరు తెలుసు?

లక్కగాజుల్ని పొగడటం కూడా నాకు కాస్త కష్టమే. బొగ్గుల కుంపటి మీద లక్కని మెత్తబరిచి, తీగలా సాగదీసి, గుండ్రంగా చుట్టి, ఒక్కో నగీనా వేడి మీదే అద్దుతారు. వేళ్లు కాలి కాలి మొద్దుబారిపోతాయి. నగీనాలు అద్దే పనిలో ఎక్కువభాగం పాతబస్తీ ఇళ్లలో ఆడవాళ్లు చేసేదే, డజను లెక్కన కూలి. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి రెండు వందలకు పైగా పిల్లల్ని పోలీసులు విడిపించారు. చాలామంది బీహార్ నుంచి తెచ్చినవాళ్లు. 2024లో హైదరాబాద్ లక్కగాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. గుర్తింపు గాజుకి వచ్చింది, కాలిన వేలికి రాలేదు. మన చేతులకి వేసుకున్నవి ఎవరి చేతులు చేశాయో మనం అడగం. నేనూ అడగలేదు, చాలా ఏళ్లు.

చార్మినార్ చుట్టూ గ్రానైట్ రాళ్లు పరిచారు, బళ్లు రాకుండా గొలుసులు కట్టారు. 2010లో చార్మినార్, గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు కలిపి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఆ ఏడే సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషేధం. 2021 అక్టోబరులో ఆదివారం సాయంత్రాలు 'ఏక్ షామ్ చార్మినార్ కే నామ్' అని మొదలుపెట్టారు. నేనూ వెళ్లాను, బాగుంది. పిల్లలు రోడ్డు మధ్యలో పరుగెత్తారు, బ్యాండు వాయించారు. నగరానికి ఒక 'షామ్' కావాలనిపించింది కానీ, ఆపాది రాత్రి. రెండింటికీ తేడా ఉంది. సాయంత్రం చూడటానికి వచ్చేవాళ్లది, రాత్రి అక్కడ బతికేవాళ్లది. 2024 మార్చి 8న పాతబస్తీ మెట్రోకి శంకుస్థాపన జరిగింది, 2025 జనవరికల్లా ఆ దారిలో ఇళ్లు కూల్చడం మొదలైంది. మెట్రో వద్దని నేననను. ఫలక్‌నుమా నుంచి రోజూ రెండు బస్సులు మారే నా విద్యార్థినులు ఆ రైలు కోసం కాచుకుని ఉన్నారు. కానీ రైలు దిగి వచ్చే జనానికి దారి వెడల్పు చేయాలంటే ముందుగా ఎవరు లేస్తారో అందరికీ తెలుసు.

ఇంకో వాదన ఉంది, దాన్ని దాటెయ్యలేను. 2025 మే 18 తెల్లవారుజామున కాదు, జనం లేచి తిరిగే వేళకే, గుల్జార్‌హౌజ్ దగ్గర దుకాణాల పైనున్న ఇంట్లో మంటలు లేచి ఒకే కుటుంబానికి చెందిన 17 మంది చనిపోయారు. పిల్లలూ ఉన్నారు. ఆ ఇంటికి దారి ఇరుకు. చార్మినార్ నుంచి నాలుగడుగులు. ఆ తర్వాత ఈ వీధుల్లో ఏదీ కదల్చొద్దని నేను గట్టిగా అనలేకపోయాను. ఆపాతోనూ ఈ మాట అన్నాను. "దారి ఇడుస్తం మేడమ్, ఎంత ఇడవమంటే అంత. ఊరే ఇడవమంటే ఎట్ల?" అంది.

కాగితం విషయానికి వస్తే, నేను ఓడిపోయాను. నాకు తెలిసిన పుస్తకాల్లో దుకాణాలున్నాయి, వ్యాపారుల పేర్లున్నాయి, అన్నీ మగ పేర్లు. నేలమీద కూర్చున్న ఆమె లేదు. అప్పుడు గుర్తొచ్చింది, స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు కాగితం లేని చోట ఏం చేశారో. మనుషుల్ని అడిగారు. సాయుధ పోరాటంలో నడిచిన ఆడవాళ్ల ఎదురుగా కూర్చుని విన్నారు. ఆ పుస్తకం ఏటా పాఠంగా చెప్తాను. మరి రాత్రి బజారు గురించి ఎవర్ని అడగాలి?

నన్నే అడగొచ్చని తట్టడానికి రెండు నెలలు పట్టింది.

నాన్న 1989లో పోయారు. అమ్మ మలక్‌పేటలో బడి పంతులమ్మ. పదోరోజు చేతులు ఖాళీ చేశారు. గాజు పగిలిందనకూడదు, పెరిగిందనాలని మాకు నేర్పింది అమ్మే. ఆ రోజు ఏమనాలో మాకెవరూ చెప్పలేదు. 1992లో రంజాన్ పండగ ముందు, నా స్నేహితురాలికి బహుమతి కొనాలని పట్టుబట్టి అమ్మని రాత్రి చార్మినార్ తీసుకెళ్లాను. లాడ్‌బజార్ మొదట్లో గోనెపట్టా పరుచుకుని, పెట్రోమాక్సు లైటు పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. నేను గాజులు ఏరుతుంటే, పక్కన ఒంగి చూస్తున్న అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేసింది. బోసి చెయ్యి చూసి ఏమనుకుందో, ఏమీ అనుకోలేదో. ఆ జనంలో మమ్మల్ని ఎరిగినవాళ్లు లేరు. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. నాలుగు ఆకుపచ్చ లక్కగాజులు మణికట్టు మీదికి ఎక్కాయి. అమ్మ బేరమాడకుండా డబ్బులిచ్చింది. జీవితంలో అదొక్కసారే అనుకుంటా.

మదీనా దాకా వేసుకునే నడిచింది. ఆటోలో కూడా వేసుకునే ఉంది. మా గల్లీ మలుపు రాకముందు తీసి నా సంచిలో వేసింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. 2016లో అమ్మ పోయాక కూడా నేను మా అన్నయ్యకి చెప్పలేదు. గాజులు స్టీలు డబ్బాలో నా దగ్గరే ఉన్నాయి. వాటికి రసీదు లేదు.

2025 జూన్‌లో ఇదంతా తెలుగులో ఒక పేజీన్నర రాశాను. ఫలానా నేను, ఫలానా ఏడాది, ఫలానా చోట ఒక స్త్రీ గాజులమ్ముతుండగా చూశాను, కొన్నాను అని. అమ్మ సంగతి తీసేసి ఒకసారి రాశాను. అప్పుడు అది ఎవరైనా రాయగలిగిన కాగితంలా ఉంది. తిరిగి చేర్చాను. చేరుస్తుంటే చెయ్యి ఆగింది. అమ్మ దాచుకున్నదాన్ని నేను సాక్ష్యంగా పెడుతున్నాను, తన అనుమతి లేకుండా. ఆపాకి కావలసింది యాభై ఏళ్లు. నా సాక్ష్యం నిలబడినా 1992 నుంచి 2025కి ముప్పై మూడే. పదిహేడేళ్లు తక్కువ. వకీలు స్నేహితురాలు, ఉన్నంతలో పెట్టు, మిగతావి ఇంకెవరి దగ్గరో ఉంటాయి అంది.

పండగ లేని రోజు, పగటిపూట, గిరాకీ లేదు. బల్ల పక్కన కూర్చుని కాగితం ఆపాకి చదివి వినిపించాను. గోనెపట్టా దగ్గర ఒకసారి ఆపి మళ్లీ చదవమంది. అయిపోయాక చాలాసేపు గాజులు సర్దింది.

"ఆ ముసలామెకు ఎడమచేతి చిటికెనవేలు ఉండెనా?" అని అడిగింది. "మా అత్తకు లేకుండె. లక్క మీద పడి పోయింది."

నేను గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. పెట్రోమాక్సు గుర్తుంది, దాని చప్పుడు గుర్తుంది. అమ్మ మణికట్టు గుర్తుంది. దాన్ని పట్టుకున్న చేతిని నేను చూడలేదు.